నెట్ లైఫ్ సైన్సెస్: ‘నిరోధం’ అనే అంశాన్ని నేను చదివిన తీరు

సీఎస్ఐఆర్ నెట్‌కు (పరిశోధన ఫెలోషిప్, అధ్యాపక అర్హత పరీక్షకు) సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చదువుకున్న రోజుల్లో నాకు బాగా అక్కరకొచ్చిన పద్ధతి ఒకటుంది. ఎంజైములు, హార్మోన్లు, కణచక్రం, జన్యువులు అంటూ వేర్వేరు యూనిట్లలో చెదిరి ఉన్న నిరోధాన్ని, అంటే ఒక అణువు మరొకదాని పనిని అడ్డుకోవడాన్ని, ఒకే నోటుపుస్తకంలోకి తెచ్చుకుని, ప్రతి ఉదాహరణ పక్కనా ‘ఈ అడ్డు తొలగితే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు జవాబు రాసుకోవడమే ఆ పద్ధతి. ప్రశ్నపత్రంలోని పార్ట్-సిలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు కోత కాబట్టి, బట్టీ పట్టిన పట్టికను నమ్ముకోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

ఎంజైముల దగ్గర నిరోధకం ఎక్కడ అతుక్కుంటుందో ముందు చూడండి. మాలోనేట్ నిర్మాణంలో సక్సినేట్‌ను పోలి ఉండి, సక్సినేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైములో సక్సినేట్ చోటునే ఆక్రమిస్తుంది. సక్సినేట్ గాఢత బాగా పెంచితే ఆ ప్రభావం పోతుంది కనుక వీమ్యాక్స్ (ఎంజైము గరిష్ఠ వేగం) మారదు, కేఎమ్ (అందులో సగం వేగానికి కావలసిన సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైము మార్చే పదార్థం, గాఢత) పెరుగుతుంది. కేఎమ్ 2, కేఐ (నిరోధక స్థిరాంకం) 5, నిరోధకం గాఢత 10 మిల్లీమోలార్ అనుకుంటే, కొత్త కేఎమ్ 2 × (1 + 10/5), అంటే 6 మిల్లీమోలార్.

తికమక పెట్టేది అన్‌కాంపిటిటివ్ నిరోధం. అక్కడ నిరోధకం ఎంజైమ్-సబ్‌స్ట్రేట్ సంక్లిష్టానికి మాత్రమే అతుక్కుని దాన్ని తరిగిస్తుంది; ఆ లోటు పూడేలా సమతాస్థితి మరింత సంక్లిష్టం ఏర్పడే వైపు జరుగుతుంది. అందువల్ల వీమ్యాక్స్‌తో పాటు కేఎమ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గి, లైన్‌వీవర్-బర్క్ గ్రాఫులో (1/వేగాన్ని 1/సబ్‌స్ట్రేట్ గాఢతకు ఎదురుగా గీసేది) సమాంతర రేఖలు వస్తాయి.

హార్మోన్ల విషయానికొస్తే, థైరాయిడ్ హార్మోను థైరాక్సిన్ పెరిగితే, ఆ గ్రంథిని ప్రేరేపించే పిట్యూటరీ హార్మోను టీఎస్‌హెచ్ తగ్గుతుందని ఇంటర్‌లోనే చదివాం. నెట్‌కు ప్రోలాక్టిన్ (పాల ఉత్పత్తికి తోడ్పడే పిట్యూటరీ హార్మోను) ముఖ్యం. హైపోథాలమస్‌ను పిట్యూటరీతో కలిపే కాడను తెంచితే పిట్యూటరీ ముందు భాగపు హార్మోన్లు తగ్గుతాయి, ప్రోలాక్టిన్ మాత్రం పెరుగుతుంది. ప్రోలాక్టిన్‌ను హైపోథాలమస్ నుంచి ఆ కాడ గుండా వచ్చే డోపమైన్ నిరంతరం అణచి ఉంచుతుంది కనుక.

కణచక్రంలో ప్రతి అడ్డుకు ఒక మైనస్ గుర్తు వేసి లెక్కపెట్టండి. పీ21 అనే ప్రోటీను, కణచక్రాన్ని నడిపే సీడీకే ఎంజైమును ఆపుతుంది; సీడీకే ఆర్‌బీ అనే ప్రోటీనును నిష్క్రియం చేస్తుంది; ఆర్‌బీ, డీఎన్ఏ నకలుకు కావలసిన జన్యువులను పనిచేయించే ఈ2ఎఫ్‌ను పట్టి ఉంచుతుంది. మూడు మైనస్‌లు, అంటే బేసి సంఖ్య. కాబట్టి డీఎన్ఏ దెబ్బతిని పీ53 అనే ప్రోటీను వల్ల పీ21 పెరిగితే ఈ2ఎఫ్ పనిచేయదు, కణం జీ1లోనే (డీఎన్ఏ నకలుకు ముందు దశలోనే) ఆగుతుంది.

ఇదే లెక్కను లాక్ ఒపెరాన్‌కు (బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను వాడుకునే ఎంజైముల జన్యువుల సమూహానికి) వర్తింపజేయండి. ఈ జన్యువులను అడ్డుకునే రెప్రెసర్ ప్రోటీనును తయారుచేసే ఐ జన్యువు చెడితే లాక్టోజ్ లేకున్నా ఎంజైములు తయారవుతాయి. లాక్టోజ్ నుంచి ఏర్పడి రెప్రెసర్‌ను తప్పించే ఆలోలాక్టోజ్‌ను గుర్తించలేని సూపర్ రెప్రెసర్ ఉంటే, లాక్టోజ్ ఉన్నా తయారు కావు. ఈ రెండు కణాల్లోకీ ఎఫ్-ప్రైమ్ ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి జన్యువులను మోసుకెళ్లే డీఎన్ఏ వలయం) ద్వారా మామూలు ఐ జన్యువును పంపితే మొదటిది సాధారణ స్థితికి వస్తుంది, రెండోది రాదు. ఎందుకో కాగితం మీద గీసి చూడండి.