బల్ల మీద ఐదు పిన్నులు

శనివారం, రాత్రి 9 గంటలు

ఇవాళ మా పిన్ షూటింగ్ పోటీ: బల్ల మీద నిలబెట్టిన బౌలింగ్ పిన్నులను, అంటే బౌలింగ్ ఆటలో బంతితో పడగొట్టే సీసా ఆకారపు చెక్క దిమ్మలను, తుపాకీతో కాల్చి కిందికి దించే ఆట. పొద్దున ఆరున్నరకే కాల్పుల మైదానానికి (రేంజికి) వెళ్లాను, పిన్నులు ఏరడానికి. బౌలింగ్ కేంద్రాలు పాతబడ్డాయని తీసేసే పిన్నులే మాకు ఆధారం. ఒక్కోటి 15 అంగుళాల ఎత్తు, దాదాపు మూడున్నర పౌన్ల బరువు. కొన్ని పోటీలయ్యాక తూటాల సీసం లోపలే ఉండిపోయి కొన్ని బరువెక్కుతాయి. కొన్నింటి అడుగు చెక్కుకుపోయి నిటారుగా నిలవవు. పక్కపక్కన తలపడే ఇద్దరిలో ఒకరికి తేలికవి, ఇంకొకరికి బరువైనవి పెట్టడం అన్యాయం. అందుకే ప్రతి పిన్నునూ చేత్తో ఎత్తి చూసి జతలు కట్టాను.

ఈ ఆట పుట్టింది మా మిషిగన్‌లోనే. తూటాలను ఆపే చొక్కాలు తయారుచేసిన రిచర్డ్ డేవిస్ 1970లలో సెంట్రల్ లేక్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టాడు. 25 అడుగుల దూరంలో బల్ల, దాని మీద ఐదు పిన్నులు. పడగొడితే చాలదు, అన్నీ బల్ల దిగాలి. చివరి పిన్ను నేల తాకేదాకా గడియారం ఆగదు.

మధ్యాహ్నం, మొదటిసారి పోటీకి వచ్చిన గుంటూరు కుర్రాడు నాలుగింటిని చకచకా దించేశాడు. ఐదోదానికి తూటా పక్కగా తగిలింది. పిన్ను గిర్రున తిరిగి, బల్ల మీదే పడుకుని, మెడ అంచు బయటకు చాచి ఆగిపోయింది. దానికి ఇంకో మూడు తూటాలు ఖర్చుపెట్టాడు. "అన్నయ్యా, తగిలింది కదా!" అన్నాడు దిగులుగా. నడుము మధ్యలో తగిలితేనే వెనక్కి ఎగురుతుందని, తొందరపడకుండా ఒక్క క్షణం గురి నిలుపుకోమని చెప్పాను. రెండో వంతులో ఐదుకు ఐదే తూటాలు! వాడి ముఖం చూసి నా నడుం నొప్పి మరిచిపోయాను.

ఒకసారి మాత్రం పోటీ ఆపేశాను. చూడటానికి వచ్చిన ఒకాయన రక్షణ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. సీసం ముక్కలు వెనక్కి ఎగిరివస్తాయి, ఆ ఒక్క క్షణం చాలు. విసుక్కున్నాడు. విసుక్కోనీ. తుపాకులన్నీ ఖాళీ చేసి బల్ల మీద పెట్టారని నా కళ్లతో చూడనిదే పిన్నులు సర్దడానికి ఎవరినీ ముందుకు పంపను కూడా.

సాయంత్రానికి 34 పిన్నులు పనికిరాకుండా పోయాయి. సోమవారం బౌలింగ్ కేంద్రానికి వెళ్లి అడగాలి.