తండ్రి పేరా, భర్త పేరా

కావలిలో నేను దస్తావేజు రైటర్‌ని. ఇరవై ఆరేళ్ళుగా రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఒక రేకుల షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. ఎవరొచ్చినా పేరు, వయసు అయ్యాక మూడో ప్రశ్న ఒకటే. మగవాళ్ళనైతే తండ్రి పేరు అడుగుతాను. ఆడవాళ్ళనైతే ముందు భర్త పేరు.

పోయిన వేసవిలో ఒకామె వీలునామా రాయించుకోవడానికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు పద్య నాటకాల్లో చంద్రమతి వేషం కట్టింది. నా చిన్నప్పుడు తిరునాళ్ళలో తెల్లవార్లూ గోనెపట్టా మీద కూర్చుని ఆమె పద్యాలు విన్నాను. కాటి సీన్లో ఆమె రాగం తీస్తే మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకునేది. అంతటి మనిషి ఎదురుగా కూర్చుంటే అలవాటు కొద్దీ "భర్త పేరమ్మా?" అనేశాను.

"ఆరేళ్ళు కాపరం చేశాడు నాయనా. హార్మోనియం వాయించేవాడు. ఇప్పుడు యాడుండాడో తెలీదు. ఆ పేరు రాయకపోతే కాగితం చెల్లదా?" అంది.

తండ్రి పేరు అడగబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. వివరాలన్నీ రేపు తీసుకుంటానని పంపేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గౌహర్ జాన్ గుర్తొచ్చింది. మా తాత ఇంట్లో గ్రామఫోను ఉండేది, పాత రికార్డుల మీద ఇష్టం నాకు అక్కడే మొదలైంది. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ వాళ్ళ ముందు పాడిన గాయని ఆమె. మూడు నిమిషాల్లో హిందుస్తానీ సంగీతంలోని ఖయాలో, ఠుమ్రీయో ముగించి, చివర్లో గట్టిగా ఇంగ్లీషులో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అంటుంది. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. పాడింది ఎవరో అక్కడి వాళ్ళకు తెలియడానికే ఆ మాట.

పుట్టినప్పుడు ఆమె పేరు అది కాదు. 1873లో ఆజంగఢ్‌లో పుట్టినప్పుడు ఏంజెలినా యోవర్డ్. తండ్రి రాబర్ట్ యోవర్డ్ అర్మేనియన్. 1879లో తల్లి విక్టోరియాకు, అతనికి విడాకులయ్యాయి. పిల్లకు ఆరేళ్ళు. తల్లీకూతుళ్ళు బనారస్ చేరి ఇస్లాంలోకి మారారు. తల్లి మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ జాన్. తర్వాత కలకత్తా వెళ్ళి పాటతోనే పెద్ద ఇళ్ళు కట్టారు.

పిల్లికి పిల్లలు పుడితే గౌహర్ విందు చేసిందని, నగ వేసుకున్నది మళ్ళీ వేసుకోదని జనం చెప్పుకుంటారు. నాకు ఆ కథలు పట్టవు. నన్ను పట్టుకున్నది ఆమె కోర్టు కేసు. 1906లో తల్లి పోయింది. వాళ్ళింట్లోనే పెరిగిన పనిమనిషి కొడుకు భగ్లూ, మల్కా జాన్‌కు అసలు వారసుణ్ణి నేనే అని దావా వేశాడు. వారసత్వం కేసుల కాగితాలు నా చేతిలో చాలా నలిగాయి కాబట్టి ఇందులో బాధ ఏమిటో నాకు తెలుసు. తల్లి ఎవరో ఊరంతటికీ తెలుసు. ఆ తల్లి ఆస్తి దక్కాలంటే ఎప్పుడో వదిలిపోయిన తండ్రి వచ్చి "ఈమె నా బిడ్డే" అనాలి. దేశమంతా తన పేరు తానే వినిపించిన మనిషి, తండ్రిని వెతుక్కుంటూ పోయింది. చివరికి ఆయన సాక్ష్యం చెప్పాడు, ఆమె గెలిచింది. తీర్పు విని ఇంటికెళ్ళి ఆ రాత్రి ఏం పాడుకుందో అనుకుంటాను.

ఇక మగవాళ్ళ సంగతి. బొంబాయి పార్సీ నాటకాల నటుడు అమృత్ కేశవ్ నాయక్‌తో ఆమెకు మనసు కలిసింది. 1907లో అతను హఠాత్తుగా చనిపోయాడు. తర్వాత తన దగ్గర సెక్రటరీగా ఉన్న అబ్బాస్‌ను పెళ్ళాడింది. తనకంటే చిన్నవాడు. అది నిలవలేదు. ఆస్తి కోసం మళ్ళీ కోర్టు మెట్లెక్కింది, సంపాదనలో చాలా భాగం అక్కడే కరిగిపోయింది. 1928లో మైసూరు మహారాజు ఆస్థానంలో చేర్చుకున్నారు. 1930 జనవరి 17న అక్కడే కన్నుమూసింది.

మర్నాడు నాటకాలామె వచ్చేసరికి నా మనసు స్థిమితపడింది. వీలునామాకు స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు. రాయించేవాళ్ళ సంతకం, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. మనిషిని గుర్తుపట్టడానికి ఊరు, ఇంటి నంబరు, ఆధార్ ఉన్నాయి.

"ఎవరి పేరు రాయమంటావమ్మా?" అని అడిగాను.

"మా అమ్మ పేరు రాయి నాయనా. ఆమే సాకింది" అంది.

తల్లి పేరు రాసి, పక్కన "రంగస్థల కళాకారిణి" అని చేర్చాను. ఆఫీసులో ఏమంటారోనని టెన్షన్ పడ్డాను కానీ ఎవరూ ఏమీ అనలేదు. రిజిస్టరు అయిపోయింది.

కాపీ తీసుకోవడానికి వచ్చినప్పుడు ఫోన్‌లో గౌహర్ జాన్ పాట పెట్టాను. హిందీ రాకపోయినా తొడ మీద తాళం వేస్తూ విన్నది. చివర ఆ కేక రాగానే ఉలిక్కిపడి, ఏమంటోందని అడిగింది. చెప్పాను.

"మా పేర్లు మైకులో కాంట్రాక్టరు చెప్పేవాడు. ఒక్కోరోజు మర్చిపోయేవాడు" అని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని అల్లూరు బస్సుకు వెళ్ళింది.