బ్యాట్ రెండో వైపు

“అలా గీకుతూ పోతే చివరికి పిడి మాత్రమే మిగులుతుంది” అంటూ అమ్మ బాల్కనీలోకి తొంగి చూసింది. నా ఒళ్లో జపనీస్ పెన్‌హోల్డ్ (పెన్నులా పట్టుకుని, మామూలుగా ఒకే వైపుతో ఆడే టేబుల్ టెన్నిస్ బ్యాట్), చేతిలో శాండ్ పేపర్, నేలంతా ఆ బ్యాట్ హినోకి చెక్క పొడి.

బ్యాక్‌హ్యాండ్‌కి బ్యాట్ వెనక వైపు వాడాలని నా ఆశ. బొటనవేలు, చూపుడువేలు ఆనే అంచులు గుండ్రంగా అరగాలి, పిడి దగ్గరి కార్క్ కాస్త తగ్గాలి. లేకపోతే మణికట్టు తిరగదు. వేళ్లుండే చోటు వదిలి రెండో రబ్బరు అంటించా. రూల్స్ దానికి ఒప్పుకుంటాయి.

బరువే అసలు టెన్షన్. రబ్బరు కింద పల్చటి స్పాంజ్ వేసినా బ్యాట్ ముందుకు వాలిపోతోంది.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సింగిల్స్ ఫైనల్లో ఒకే వైపు వాడే ర్యూ సుంగ్ మిన్, రెండు వైపులా కొట్టే వాంగ్ హావోని ఓడించాడు. నా దగ్గరున్నది ర్యూ తరహా చెక్క, నాక్కావాల్సింది వాంగ్ హావో దెబ్బ!

“రెండు వైపులా కొట్టడానికి వీలైన చైనీస్ పెన్‌హోల్డ్ కొనుక్కోక ఎందుకీ తిప్పలు?” అన్నారు కోచ్ సార్. నిజమే. కానీ ఈ చెక్కకి బంతి తగిలినప్పుడు వచ్చే ఆ చప్పుడు దానికి రాదు సార్.

ఆదివారం యూసుఫ్‌గూడలో నా బ్యాక్‌హ్యాండ్‌కే బంతులు వేసే ఓపిక ఎవరికైనా ఉందా? ఇరానీ చాయ్ నాది.