నల్లతుమ్మ బెరడు: తీయడం, కాయడం

చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే నల్లతుమ్మ బెరడు కషాయం పుక్కిలించడం పాత అలవాటే. తేడా వచ్చేది బెరడు తీసే దగ్గర. మాను చుట్టూతా చెక్కేస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు నిలువునా ఎండిపోతుంది. అసలు మాను జోలికే పోవద్దు. కంచెకని కొట్టిన కొమ్మలు చాలు. పచ్చిగా ఉండగానే నిలువు గాటు పెట్టి ఒలవాలి, ఎండితే కట్టెకు కరుచుకుంటుంది. బెరడు మీది పెచ్చు గీకేసి నీడన ఆరబెట్టండి. వంచితే టప్పున విరగాలి; సాగిందంటే బూజు ఖాయం.

10 గ్రాములు నలగ్గొట్టి, 160 మిల్లీలీటర్ల నీళ్లలో సన్నసెగ మీద 40 మిల్లీలీటర్లు మిగిలేదాకా మరిగించి వడగట్టండి. ఇనప గిన్నె వద్దు, బెరడులోని వగరు ఇనుముతో కలిసి సిరాలా నల్లబడుతుంది. మింగకండి, మలబద్ధకం పట్టుకుంటుంది. ఏ పూటకాపూటే కాచుకోవాలి. వారమైనా రక్తం ఆగకపోతే పళ్ల డాక్టరు దగ్గరికే.