మాగాయ ఊట దగ్గర అర్థమైన ద్రవాభిసరణ

ఇంటర్‌లో సీఈసీ చదివి డీఈడీ చేసినదాన్ని, డీఎస్సీకి కందుకూరులో ఇంట్లోనే ఉండి ప్రిపేర్ అయ్యా. సైన్సంటే టెన్షన్. విసరణ (పదార్థం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకడం), ద్రవాభిసరణ (పొర గుండా నీళ్లు పలచని వైపు నుంచి గాఢమైన వైపు పోవడం) నిర్వచనాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, తీరా ఉదాహరణ ఇచ్చి ఇదేంటని అడిగితే తప్పు పెట్టేదాన్ని. ఒక గ్రాండ్ టెస్టులో, వానాకాలం చెక్క తలుపులు బిగుసుకుపోవడం ద్రవాభిసరణ అని పెట్టేసి వచ్చాను. అది నిపానం అట, ఎండిన చెక్క నీటిని పీల్చుకుని ఉబ్బడం.

ఆ వేసవిలో అమ్మ మాగాయకి మామిడి ముక్కలు తరిగి ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టింది. చుక్క నీళ్లు పోయలేదు, తడి చెయ్యి కూడా తగలనివ్వదు మా అమ్మ. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతున్నాయి! ఆ నీళ్లన్నీ ముక్కల్లోవే. బయట ఉప్పు గాఢత ఎక్కువ, మధ్యలో కణాల పొర ఉంది, దాంతో నీళ్లు బయటికొచ్చి ముక్క ముడుచుకుంది. పాయసంలోకని నానబెట్టిన కిస్‌మిస్‌ది దీనికి తిరగేసిన కథ, నీళ్లు లోపలికి పోయి ఉబ్బుతుంది. అతిగాఢ (కణం లోపలికన్నా గాఢత ఎక్కువున్నవి), అల్పగాఢ (తక్కువున్నవి) ద్రావణాలు మళ్లీ బట్టీ పట్టలేదు నేను.

అప్పట్నుంచి ఏ బిట్ వచ్చినా రెండే చూసేదాన్ని, మధ్యలో పొర ఉందా, దాన్ని దాటేది నీళ్లేనా అని. పక్కింటి చేపల పులుసు వాసన మనింటికి రావడానికి పొరతో పనిలేదు, విసరణ (గాలి కూడా మోసుకొస్తుంది లెండి, బిట్‌కి మాత్రం విసరణే). కలపకుండా వదిలేసిన చక్కెర గ్లాసంతా తీపెక్కడమూ అంతే, వేడినీళ్లయితే ఇంకా త్వరగా. అల్లూరు దగ్గర ఇసకపల్లి ఉప్పు మడుల్లో నీళ్లు పోయి ఉప్పు మిగులుతుంది కదా, అక్కడా పొర లేదు, ఉత్త బాష్పీభవనం.

క్యాన్ల నీళ్ల ప్లాంటులో పొర ఉంటుంది గానీ పని తిరగబడుతుంది. నీళ్లు మామూలుగా ఉప్పు ఎక్కువున్న వైపు పోవాలి, అక్కడ మోటారుతో ఒత్తిడి పెట్టి ఉప్పు నీళ్ల వైపు నుంచే ఇవతలికి తోస్తారు. ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ కనిగిరి వైపు వాళ్లకి ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్, ఈ తిరగబడ్డ ద్రవాభిసరణే) అంటే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, బట్టలు ఉతికితే వేళ్లు ముడతలు పడటం ద్రవాభిసరణ అని చాలా నోట్సుల్లో రాసుంటుంది. నరం దెబ్బతిన్న వేలు ఎంతసేపు నీళ్లలో పెట్టినా అలా ముడతలు పడదు, అంటే అది నరాల పని. మీ దాంట్లో ఉంటే కొట్టేసుకోండి.