చెక్క బూట్ల హాబిట్ నా పరువు తీశాడు

హమ్మయ్య, నిన్న రాత్రికి అయిపోయింది. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్తుప్రతుల్ని ఆయన కొడుకు క్రిస్టఫర్ విడదీసి చూపించిన 'ది రిటర్న్ ఆఫ్ ది షాడో'. తండ్రి రాతల మీద క్రిస్టఫర్ 1983 నుంచి 1996 దాకా తెచ్చిన 12 సంపుటాల్లో ఇది ఆరోది, 1988 నాటిది. కొనడం తేలికే, ముందుమాట కూడా తేలికే.

ఆ తర్వాతే తల తిరిగింది. అదే పుట్టినరోజు విందు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకసారి ఇచ్చేది బిల్బో అనే హాబిట్ (టోల్కీన్ కల్పించిన పొట్టి మనుషుల జాతి), ఇంకోసారి అతని కొడుకు బింగో. అచ్చయిన నవలలోని కథానాయకుడు ఫ్రోడో ఏడీ అని వెతుక్కుంటే, ఈ బింగోయే తర్వాత ఫ్రోడో అయ్యాడట!

సగంలో ఉండగానే మా ఆదివారం పుస్తకాల బృందంలో గొప్పలకు పోయాను. ఇంటర్ చదివే కుర్రాడు "ఈ చిత్తుప్రతుల్లో బ్రీ అనే ఊరి సత్రంలో మూల కూర్చున్న ట్రాటర్ ఎవరు అంకుల్?" అన్నాడు. అచ్చయిన నవలలో ఆ మూల కూర్చునేది అరగార్న్ కదా, "అరగార్న్, రాజు" అన్నాను ధీమాగా. "అప్పటికి అరగార్న్ అన్నవాడే లేడు కదండీ, ట్రాటర్ చెక్క బూట్లు వేసుకున్న హాబిట్" అన్నాడు. అందరూ నవ్వారు. నా చేతిలో కప్పు ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో గళ్లు గీసి, ఏ ప్రతిలో ఎవరి పేరేమిటో రాసుకుంటూ మొదటి నుంచి చదివాను. మీరూ అలాగే చదవండి, అధ్యాయాల చివరి నోట్సు వదలొద్దు, అసలు గుట్టంతా అక్కడే ఉంది. ట్రాటర్ ఎవరో టోల్కీన్‌కే తెలియదు! బిల్బోయే మారువేషంలో ఉన్నాడా అని కూడా తనకు తాను రాసుకున్నాడు. సత్రం మూలలో ఆ మనిషిని చూసి తనకే షాక్ కొట్టిందని 1955లో కవి ఆడెన్‌కు ఉత్తరం రాశాడు. ముందు లోకం మొత్తం మ్యాపుతో సహా కట్టుకొని తర్వాతే కథ మొదలెట్టాలని వర్క్‌షాపులో నా దగ్గర రెండు వేలు గుంజిన మహానుభావుడికి ఈ పేజీ చూపించాలని ఉంది.

అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. నవలలో హాబిట్లు దారి పక్కన దాక్కుంటే వాళ్లను వెతికే శత్రు రౌతు ఒకడు గుర్రం ఆపి ముక్కుతో వాసన పీలుస్తాడు కదా, మనకు ఒళ్లు జలదరించే చోటు. మొదటి ప్రతిలో ఆ రౌతు ఎవరో కాదు, హాబిట్ల స్నేహితుడైన మాంత్రికుడు గాండాల్ఫ్! గుర్రం తెల్లది. తర్వాత గుర్రం నల్లదైంది, దాని మీదవాడూ మారిపోయాడు.

వచ్చే ఆదివారం ఆ కుర్రాణ్ణి గుర్రం రంగు అడుగుతాను. తెలియదంటే బాగుండు.