థ లోపలి చుక్క

మంగళ, శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదింటికి పుస్తకాలూ థీసిస్‌లూ ఆన్‌లైన్‌లో ఎలా వెతకాలో మా పీజీ పిల్లలకి గూగుల్ మీట్‌లో క్లాసు చెబుతాను. నేను లైబ్రేరియన్ని. 2020 లాక్‌డౌన్‌లో ర్యాకుల గదికి తాళం పడ్డప్పుడు మొదలుపెట్టాను. తాళం తీశాకా ఆపబుద్ధి కాలేదు. ఊళ్లలో పనులు చేసుకుంటూ చదువుకునే దూరవిద్య వాళ్లు అప్పటికే ఇందులో చేరిపోయారు మరి.

మొదట్లో స్లైడ్లు పెట్టి యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ అంటే ఇదీ, నేషనల్ డిజిటల్ లైబ్రరీ అంటే ఇదీ అని చెప్పుకుంటూ పోయేదాన్ని. అసైన్‌మెంట్లు చూస్తే అన్నీ గూగుల్ మొదటి పేజీలోవే. ఇప్పుడు స్లైడ్లు మానేశాను. ఎవరో ఒకరి అంశం తీసుకుని నా స్క్రీన్ మీద అందరం కలిసి వెతుకుతాం.

పోయిన నెల ఒకమ్మాయి పడవ గ్రంథాలయాల మీద రాస్తానంది. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ప్రయాణికులకి అందించారని వాళ్ల తాతగారు చెప్పారట. "రెండ్రోజులు వెతికానండీ మేడమ్, ఏమీ లేదు" అంది. ఏం కొట్టావమ్మా అంటే చాట్‌లో పెట్టింది: "గుంటూరు జిల్లాలో పడవ గ్రంధాలయాల చరిత్ర గురించి సమాచారం".

ముందు "గురించి", "సమాచారం" తీసేయించాను. పుస్తకానికి ఎవరూ అలా పేరు పెట్టరు కదా. తర్వాత ఆ ధ. గ్రంథానికి థ ఉండాలి, లోపల చుక్కతో. అయితే తప్పు దిద్దుకుని ఊరుకోవద్దన్నాను. కేటలాగు టైపు చేసినవాళ్లలోనూ ధ రాసేవాళ్లున్నారు, రెండూ వెతకాల్సిందే. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో మరీ చిక్కు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పేర్లు అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఒకచోట టి-హెచ్, ఒకచోట డి-హెచ్. చివర ఒకచోట "మ్", ఇంకోచోట "ము".

శోధ్‌గంగలో తెలుగు పరిశోధనలది వేరే బాధ. పాత థీసిస్‌లు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టినవి. కాపీ చేసి చూస్తే పిచ్చి గీతలు వస్తాయి, అందుకే లోపలి మాటలు వెతుకులాటకి చిక్కవు. పిల్లలకి నేను గట్టిగా చెప్పేదొకటే: "గ్రంథాలయోద్యమం" లాంటి పెద్ద మాటతో థీసిస్ పట్టుకోండి, అధ్యాయాల ఫైళ్లు వదిలేసి ముందు చివరున్న ఉపయుక్త గ్రంథసూచి తెరవండి. మీకంటే ముందు నాలుగైదేళ్లు తిరిగిన మనిషి ఎక్కడెక్కడికి వెళ్లాడో అక్కడ వరసగా ఉంటుంది.

ఆ రాత్రి నలభై నిమిషాలు ఏమీ దొరకలేదు. ఒక్కరూ క్లాసు వదిలి వెళ్లలేదు, నాకు అదే ఆనందం. ఆఖరికి ఒక గ్రంథసూచిలో "గ్రంథాలయ సర్వస్వం" పాత సంచికల వరస కనబడింది. 1914లో బెజవాడలో పుట్టిన గ్రంథాలయ సంఘం పత్రిక అది. సంచికలు వెతకడం ఆ అమ్మాయికే వదిలేశాను.

నాలుగో రోజు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. రూళ్ల నోటుబుక్కులో ఒక పేజీ, గ్రంథాలయం అన్న ఒక్క మాటకే పదకొండు స్పెల్లింగులు. కొట్టి చూసిన ప్రతిదాని పక్కా తేదీ. పదకొండోది నాకు ఎప్పుడూ తట్టనిది, ఒత్తే లేకుండా "గ్రందాలయ". దాని పక్కన ఎర్ర పెన్నుతో: "దొరికిందండీ, రెండు సంచికలు."